అరుపు మాత్రం మాది

కొత్తగా డ్రిల్లు మాస్టర్లుగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ పూర్తి కాకముందే ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడు గురించి అడుగుతారు. అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, చదువుకోండి అంటాను. పుస్తకంలో లేనిది సున్నం గీతకి అవతల నిలబడే జనం. నా ఉద్యోగంలో సగం వాళ్ళతోనే గడిచింది. నేను ఎన్ని స్కూళ్ళు మారానో, ఎప్పుడు గ్రేడు పెరిగిందో రాస్తే చదివేవాళ్ళకి నిద్ర వస్తుంది, రాసే నాకూ వస్తుంది. అందుకని నరసరావుపేటలో జరిగిన ఒక గొడవ గురించి రాస్తాను. రిఫరీగా నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది అదే. ఇప్పటికీ అందులో నాకు పూర్తిగా అర్థం కానివి ఉన్నాయి.

మిల్లు టీము

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నేను అక్కడ ఒక మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుని. స్కూలుకి బంతులున్నాయి, పిల్లలున్నారు, ఆడుకునే చోటు లేదు. ఊరి చివర జిన్నింగు మిల్లు పక్కన పెద్ద ఖాళీ స్థలం ఉండేది. అది మిల్లు యజమాని వెంకటప్పయ్య గారిది. వెళ్ళి అడిగాను. "పిల్లకాయలు తొక్కితే నేల అరిగిపోద్దా ఏంది మాస్టారూ, ఆడుకోనీయండి" అన్నాడు. అంతే, కాగితం లేదు, షరతు లేదు. పొద్దున పూట మా పిల్లల డ్రిల్లు, ఆదివారం సాయంత్రం మిల్లు టీము మ్యాచి. ఆ మ్యాచిలకి రిఫరీ నేనే. స్థలం ఇచ్చిన మనిషి అడిగితే కాదని ఎలా అంటాను?

వెంకటప్పయ్య గారు యాభై దాటిన మనిషి, బక్కపలచన. ఆయనకి ఫుట్‌బాల్ తెలియదు. తెలియదని దాచుకోడు కూడా. మద్రాసులో ఎక్కడో పత్తి బేరానికి వెళ్ళి, అక్కడ ఒక మ్యాచి చూసి, ఆ జనాన్ని చూసి ముచ్చటపడి వచ్చి టీము పెట్టాడు. మైదానం మధ్యగీత దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. గోలు పడిందా లేదా అన్నది బంతిని చూసి కాదు, జనం అరుపుని బట్టి తెలుసుకునేవాడు. అరుపు పెద్దదైతే తలపాగా సర్దుకుని చుట్టూ చూసేవాడు. ఆయనకి కావలసింది ఆ అరుపే అని నాకు మొదటి నెలలోనే తెలిసింది.

ఆటగాళ్ళు మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు. కాళ్ళలో బలం ఉంది, ఊపిరి ఉంది. అయినా ఓడిపోయేవాళ్ళు. సత్తెనపల్లి వాళ్ళ చేతిలో ఓడారు, చిలకలూరిపేట వాళ్ళ చేతిలో ఓడారు, ఒకసారి సెలవులకి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు సరదాగా ఆడదామంటే వాళ్ళ చేతిలో కూడా ఓడారు. బంతిని గోలు దాకా చక్కగా తెచ్చేవాళ్ళు. అక్కడ దాన్ని లోపలికి కొట్టవలసిన సెంటర్ ఫార్వర్డు శేషగిరి. వెంకటప్పయ్య గారి బావమరిది.

బావమరిది

శేషగిరిది గురజాల వైపు పల్లెటూరు. పాతికేళ్ళుంటాయి. మిల్లు లెక్కలు నేర్చుకోవడానికి అక్కగారింట్లో ఉండేవాడు. మెత్తని మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఊళ్ళో జనం అతన్ని పేరుపెట్టి పిలవడం మానేశారు. మ్యాచిలో బంతి అతని దగ్గరికి వస్తే చాలు, నాలుగు వైపుల నుంచీ "బావా, తన్ను బావా" అని కేకలు. అతను తన్నేవాడు, అది ఎటో పోయేది. అప్పుడిక నవ్వులు, ఈలలు, నేను ఇక్కడ రాయలేని మాటలు. కొన్నాళ్ళకి అతను బజారులో నడవడం మానేసి వెనక సందుల్లోంచి మిల్లుకి వెళ్ళడం చూశాను.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. ఆట రానివాడు బంతి ఎక్కడ ఉంటే అక్కడికి పరుగెడతాడు, అది వాడి లక్షణం. శేషగిరి అలా కాదు. బంతి కుడివైపు రాబోతుందనగా ఎడమవైపు జరిగేవాడు. మాస్టారు ఎదురొస్తున్నాడని పిల్లలు సందులోకి మళ్ళినట్టు, ముందే కనిపెట్టి తప్పుకునేవాడు. బంతి ఎక్కడికి వస్తుందో అంత బాగా తెలిసిన మనిషికి ఆట రాకపోవడమేమిటి? ఇష్టం లేనివాడు మరి ఎందుకు ఆడుతున్నాడు? ఒకసారి హాఫ్‌టైములో నిమ్మకాయ నీళ్ళు తాగుతుంటే అడిగాను.

"శేషగిరీ, నీకు ఈ ఆట ఇష్టమేనా?"

"బావ ముచ్చటపడి పెట్టాడు కదండీ" అన్నాడు. అడిగిన దానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఈల వేసి ఆట మొదలుపెట్టాను.

గీత దాటి కూర్చున్నారు

ఆ రోజుల్లో ధర్నా అంటే మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. కల్లు దుకాణాల ముందు కూర్చున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలా కూర్చున్న వాళ్ళలో ఒకడు మస్తాన్ సాయిబు. బజారులో అతనికి సైకిల్ షాపు ఉండేది. నల్లగా, పొట్టిగా ఉంటాడు, గొంతు మాత్రం రైలుకూతని మించి ఉంటుంది. మిల్లు టీముకి ఒక్క మ్యాచి మానలేదు. ఓడిపోయిన మర్నాడు అతని దగ్గర పంక్చరు వేయించుకోవడానికి వెళ్ళినవాళ్ళు ముందు అరగంట తిట్లు వినాలి.

మాచర్ల నుంచి టీము వచ్చిన రోజు మస్తానూ, ఇంకో ముప్ఫై నలభై మందీ సున్నం గీత దాటి వచ్చి మైదానం నడిమధ్యలో మఠం వేసుకుని కూర్చున్నారు. బావమరిదిని తీసేస్తే గాని లేవం అన్నారు. నేను ఈల వేశాను. ఒకడు నాకు దణ్ణం పెట్టాడు, లేవలేదు. మాచర్ల వాళ్ళు పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిచే బస్సులో పొద్దుననగా బయలుదేరి, మొహాలు మసి చేసుకుని వచ్చారు. వాళ్ళ కెప్టెను నా దగ్గరికి వచ్చి, "ఇంతదూరం బొగ్గు తింటా వచ్చింది కూకున్నోళ్ళని చూట్టానికా మాస్టారూ?" అన్నాడు. చీకటి పడింది. ఆట జరగలేదు. వెంకటప్పయ్య గారు వాళ్ళందరికీ ఇంట్లో భోజనం పెట్టించి బస్సెక్కించాడు. పిలిచిన అతిథులు ఆడకుండా వెనక్కి పోవడం ఆయన తట్టుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున డ్రిల్లు జరుగుతుంటే మైదానానికి వచ్చాడు.

"మాస్టారూ, మీకు ముందే చెప్తన్నా. ఇంకొక్కసారి ఇట్టా ఆట ఆగిందంటే టీమూ వద్దు, ఏమీ వద్దు. చుట్టూ కంచె ఏసి ఈ స్థలంలో బేళ్ళు దింపుతా. పిల్లకాయల సంగతి మీరు చూసుకోవాల. నా మీద కోపం పెట్టుకోమాకండి."

అన్నంత పనీ చేసే మనిషి. నా వెనక పిల్లలు వరసల్లో నిలబడి చేతులు చాచి ఉన్నారు. ఈ స్థలం పోతే నేను డ్రిల్లు మాస్టారుని పేరుకే, స్కూలు వరండాలో గుంజీలు తీయించుకోవాలి.

హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన మంచివాడు, ఇంగ్లీషు వ్యాకరణంలో దిట్ట, జనమంటే భయం. "మన పని ఈల వరకేనండీ, జనం సంగతి మనకెందుకు" అన్నాడు. నేను ఆయన్ని గౌరవిస్తాను గాని ఆ మాట శుద్ధ తప్పు. కుర్రాళ్ళకి మొదట ఈ మాటే చెబుతుంటాను. జనం సంగతి మనకి అక్కర్లేదనుకునే రిఫరీ ఈ ఉద్యోగానికి పనికిరాడు.

నీదేంది మస్తానూ

మస్తాన్‌ని వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్ళాను. ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకుంటుందని నా ఆశ. దూది ధూళిలో తుమ్ముతూ ఆఫీసు గదిలో నిలబడ్డాం. వెంకటప్పయ్య గారు మమ్మల్ని కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు, తరవాత మొదలుపెట్టాడు.

"బంతి ఎవరిది మస్తానూ?"

"తమదే."

"బూట్లు?"

"తమయ్యే."

"చొక్కాలు నావి, స్థలం నాది, ఆడేవాళ్ళు నా మిల్లు మనుషులు. ఇందులో నీదేంది?"

మస్తాన్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "అరుపు మాత్రం మాది షావుకారు గారూ" అన్నాడు.

"అయితే అది తీసుకుపో" అన్నాడాయన.

బయటికి వచ్చాక మస్తాన్ మొహం చూడలేకపోయాను. తిట్టినా అంత బాధపడేవాడు కాదు. నాకు మాత్రం ఆ సంభాషణ తల్లోంచి పోలేదు. ఆయన చెప్పింది నిజమే, ఒక్క గుడ్డముక్క కూడా జనానిది కాదు. మస్తాన్ చెప్పిందీ నిజమే. జనం రాకపోతే అక్కడ ఉన్నది ఒక ఖాళీ స్థలం, ఇరవైరెండు మంది మగవాళ్ళు. టీము ఎవరిది అనే ప్రశ్న అప్పటిదాకా నాకు తట్టలేదు. రిఫరీ పరీక్షలో అది అడగరు.

సాయంత్రం సైకిల్ షాపు దగ్గర జనం చేరారు. ఇక మ్యాచికి ఒక్కడూ వెళ్ళకూడదని మస్తాన్ తీర్మానం. అందరూ సరే అంటున్నారు. అక్కడే వేరుశనక్కాయల బుట్ట పెట్టుకుని అచ్చమ్మ కూర్చుని ఉంది. మైదానంలో కాయలమ్మేది ఆవిడే. అరవై ఏళ్ళ మనిషి, ఊళ్ళో అందరికీ అత్తో పిన్నో అవుతుంది.

"ఒరే మస్తానూ, మీరు రాకపోతే ఈ కాయలు ఎవురు తింటార్రా? ఇంట్లో కూకుంటే ఆయనకేం తెలుస్తది? ఎండకి బయపడి రాలేదనుకుంటాడు. తీసుకుపొమ్మంది అరుపునే గందా, మిమ్మల్ని కాదు. వచ్చి కూకోండి. నోరు మాత్రం తెరవమాకండి."

"నోరు తెరవకుండా ఎట్టా చూత్తాం అత్తా?" అన్నాడు ఒకడు.

"కాయలు తినండి" అంది.

ఆ ఆదివారం

గురజాల టీముతో మ్యాచి. ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. గీత వెనక బుద్ధిగా కూర్చున్నారు, ఒక్కరూ మాట్లాడరు. ఆట ఆగితే స్థలం పోతుందని వాళ్ళకి నేను చెప్పి ఉన్నాను. ఆట ఆపలేదు, గీత దాటలేదు. వాళ్ళని ఏమీ అనడానికి లేదు.

ఈల వేశాను. ఆ ఈల నాకే మరీ పెద్దగా వినబడి సిగ్గేసింది. ఆట మొదలైంది. ఏళ్ళ తరబడి రిఫరీ చేస్తూ నేను ఎప్పుడూ వినని చప్పుళ్ళు ఆ రోజు విన్నాను. బూట్లు నేలని గీరడం, ఆయాసాలు, బంతి ఛాతీకి తగిలినప్పుడు వచ్చే శబ్దం, జనంలో వేరుశనక్కాయలు చిట్లడం. మిల్లు ఆటగాళ్ళు మాటిమాటికీ గీత వైపు చూస్తున్నారు. గురజాల వాళ్ళు ఇంకా బెదిరిపోయారు, ఈ ఊళ్ళో ఎవరైనా పెద్దమనిషి పోయాడేమోనని వాళ్ళ గోల్‌కీపరు నన్ను అడిగాడు.

వెంకటప్పయ్య గారు మొదట కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తరవాత కాలు దించాడు. తరవాత వెనక్కి తిరిగి చూశాడు. గురజాల వాళ్ళు గోలు కొట్టారు, ఆయనకి తెలియలేదు. పక్కనున్న గుమాస్తాని అడిగి తెలుసుకున్నాడు. అప్పటినుంచి పాపం మొట్టమొదటిసారి బంతిని చూడటం మొదలుపెట్టాడు.

రెండో సగంలో బంతి మిల్లు టీములో కుడి అంచున ఆడే రైటవుటు జానీ దగ్గరికి వచ్చింది. శేషగిరి గోలుకి ఎదురుగా ఒక్కడే ఉన్నాడు. వెనకనుంచి మిల్లు టీము వాడే ఎవడో అన్నాడు, "బావకియ్యమాకరా, పోద్ది." ఎప్పుడూ అనేమాటే అయి ఉంటుంది. ఆ రోజు అది కుర్చీ దాకా వినబడింది. దాని వెనకే శేషగిరి గొంతు కూడా వినబడింది. గట్టిగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"నాకియ్యమాక జానీ. నీకు దణ్ణం పెడతా, నాకియ్యమాక."

జానీ ఏం చేయాలో తెలియక బంతిని బయటికి తన్నేశాడు.

వెంకటప్పయ్య గారు లేచి గీత దాకా వచ్చాడు. బంతి తేవడానికి వెళ్ళినవాడు ఇంకా రాలేదు, నేను ఆగి చూస్తున్నాను.

"శేషగిరీ, ఏందయ్యా నువ్వంటంది?"

"ఏం లేదు బావా."

అక్కడితో అయిపోయేదే. మామూలు రోజైతే ఆ జవాబు అరుపుల్లో కలిసిపోయేది, ఆయన వెళ్ళి కూర్చునేవాడు. ఆ రోజు కలిసిపోవడానికి అరుపు లేదు. అంతమంది చూస్తున్నారు, ఎవరూ మాట్లాడరు. శేషగిరి చొక్కా అంచు పట్టుకుని నలుపుతూ నిలబడ్డాడు.

"నాకీ ఆట ఇష్టం లేదు బావా. ఏనాడూ లేదు. తమరు ముచ్చటపడి చొక్కా ఇచ్చారు. కాదంటే బావ మాట తీసేశానని అక్క బాధపడుద్ది. అందుకని ఆడతన్నా."

వెంకటప్పయ్య గారు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నిన్ను పక్కన పెడితే తమ్ముణ్ణి చిన్నబుచ్చానని మీ అక్క నాతో మాట్లాడదేమోనని పెట్టా నేను. ఊరంతా తిడతన్నా పెట్టా. నాకు మాత్రం సరదానా?"

"అక్కకి అసలు తెలుసా బావా, నేను ఆడతన్నట్టు?"

"ఏమో. నేనైతే ఏనాడూ అడగలా."

జనంలో ఎవరో ముక్కుతో శబ్దం చేశారు. మస్తాన్ నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మొదట నవ్వింది అచ్చమ్మ. ఆవిడ ఎవరికీ మాట ఇవ్వలేదు కదా. తరవాత ఆ నవ్వు గీత పొడవునా పాకింది. ఎగతాళి లేని నవ్వు అది, నేను రెండూ బాగా ఎరుగుదును. శేషగిరి కూడా నవ్వాడు. నేను ఈల నోట్లో పెట్టుకుని అటు తిరిగాను.

శేషగిరి నా దగ్గరికి వచ్చి, పోవచ్చా మాస్టారూ అన్నాడు. పోవచ్చు, నీ బదులు ఇంకొకడు రావడానికి మాత్రం వీల్లేదు అన్నాను. అప్పటి రూలు అది. మిల్లు టీము మిగిలిన ఆట పదిమందితో ఆడింది. జనం గొంతులు విప్పారు, చెవులు చిల్లులు పడ్డాయి. అయినా ఓడిపోయారు.

తరవాత

మ్యాచి అయ్యాక వెంకటప్పయ్య గారు జనాన్ని పిలిచి, "సరేనయ్యా, తీసేశాం. ఎవర్ని పెట్టాలో మీరే చెప్పండి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఎవర్ని తీసేయాలో ఒక్క గొంతుతో చెప్పినవాళ్ళు ఇప్పుడు ఇరవై పేర్లు చెప్పారు. మస్తాన్ చెప్పిన పేరు వాళ్ళ తమ్ముడిది. వడ్రంగి ఒకాయన చెప్పింది మేనల్లుడి పేరు. పక్కవాడు చెప్పింది అల్లుడి పేరు. వెంకటప్పయ్య గారు అందరి పేర్లూ ఓపికగా విని, పడీపడీ నవ్వి, "నేను పెడితేనా తప్పు?" అన్నాడు. చివరికి మస్తాన్ తమ్ముణ్ణే పెట్టారు. వాడు శేషగిరి కంటే కొంచెం నయం, అంతకంటే చెప్పలేను.

స్థలం చుట్టూ కంచె పడలేదు. నేను అక్కడినుంచి బదిలీ అయ్యేదాకా మా పిల్లలు పొద్దున పూట అక్కడే డ్రిల్లు చేశారు.

వెంకటప్పయ్య గారి ఇంట్లో పెద్దవాళ్ళని గౌరవించడం బాగా తెలుసు. ఒకరి మాట ఒకరు తీసేయరు. ఆ మర్యాద కోసం ఇద్దరూ ఒక ఏడాది పాటు ప్రతి ఆదివారం నరకం అనుభవించారు. అది మంచి మర్యాదో చెడ్డ మర్యాదో నేను తేల్చలేను. జనం మాత్రం ఆయన స్వార్థంతో చుట్టాన్ని పెట్టుకున్నాడనుకున్నారు. వాళ్ళు అడిగిన దాంట్లో న్యాయం ఉంది, అనుకున్న కారణమే తప్పు. జనంతో పనిచేసేవాళ్ళు ఈ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకోవాలి.

మాచర్ల వాళ్ళని మళ్ళీ పిలిచారు. ఈసారి మైదానంలో ఎవరూ కూర్చోలేదు. ఆట నడుస్తోంది. మస్తాన్ తమ్ముడు గోలు ముందు నిలబడి, ఎదురుగా ఎవరూ లేకపోయినా బంతిని ఆకాశంలోకి తన్నాడు. జనం ఒక్కసారిగా ఉసూరుమన్నారు. ఆ మధ్యలోంచి ఒక గొంతు లేచింది, "ఏం టీము పెట్టారు బావా, ఒక్కడికీ గోలు కనపడదా?"

శేషగిరి మస్తాన్ పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో వేరుశనక్కాయల పొట్లం. తాను ఏమన్నాడో అన్న తరవాత తెలిసినట్టుంది, మొహం పాలిపోయింది. బావగారిని ఊరందరి ముందూ కేకేసి తిట్టడం వాళ్ళ ఇంటా వంటా లేదు. చుట్టుపక్కల వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. వెంకటప్పయ్య గారు కుర్చీలో మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఎవరది?"

"నేనే బావా."

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

"సగమే వినపడింది. గట్టిగా అను" అన్నాడు.